పదకొండు నెలల బాబు, మూడు రోజుల నీళ్ల విరేచనాలు: సెలైన్ లేకుండా నడిపిన ఒక కేసు

రోగి: పదకొండు నెలల మగబిడ్డ. ఇల్లు హైదరాబాద్‌లోని బోరబండ. 2025 వర్షాకాలంలో ఒక బుధవారం ఉదయం తల్లి, నానమ్మ కలిసి మా క్లినిక్‌కి తీసుకొచ్చారు. మూడు రోజులుగా నీళ్ల విరేచనాలు, మధ్యమధ్యలో వాంతులు. కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. బరువులు, మోతాదులు, వైద్యం జరిగిన తీరు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

జబ్బు మామూలుదే. వానలు మొదలైతే పిల్లల డాక్టర్ల దగ్గర సగం లైను ఇదే. ఈ బాబు నీరసపడింది జబ్బు వల్ల కొంత, జబ్బు మొదలయ్యాక చేసిన వైద్యం వల్ల మరికొంత. ఆ రెండో భాగం గురించే ఇక్కడ ఎక్కువ రాస్తాను.

మూడు రోజుల్లో జరిగింది

ఆదివారం రాత్రి రెండు వాంతులు. సోమవారం తెల్లవారుజాము నుంచి మోషన్స్. మధ్యాహ్నం దాకా నాలుగైదు, పలచగా, పసుపుగా. రక్తం లేదు, జిగురు లేదు. ఒళ్లు కాస్త వెచ్చబడింది. "పండ్లొస్తున్నయి మేడం, గందుకే" అంది నానమ్మ. నిజంగానే పై చిగురు ఉబ్బి ఉంది. పళ్లు వచ్చే వయసు, పిల్లలు నేల మీద పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు ఒకటే. అందుకే నింద పళ్ల మీదకు పోతుంది. పళ్లు వచ్చేటప్పుడు చొంగ కారుతుంది, చిరాకు పడతారు. నీళ్లలా పదిసార్లు పోవడం మాత్రం పళ్ల వల్ల రాదు.

సోమవారం మధ్యాహ్నం తండ్రి మెడికల్ షాపుకి వెళ్లి ఓఆర్ఎస్ అడిగాడు. సరిగ్గా అడగాల్సిందే అడిగాడు. చేతికి వచ్చింది మాత్రం యాపిల్ రుచి ఉన్న టెట్రా ప్యాక్. డబ్బా మీద ఆ మూడు అక్షరాలు పెద్దగానే ఉన్నాయి. తీయగా ఉంది కాబట్టి బాబు ఇష్టంగా తాగాడు. సాయంత్రానికి రెండు ప్యాక్‌లు అయిపోయాయి. రాత్రికి ఎన్నిసార్లు పోయాడో ఇంట్లో వాళ్లకే లెక్క తప్పింది.

మంగళవారం వీధి చివర ఆర్ఎంపీ ఒక ఇంజెక్షన్ చేసి, యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చాడు. తల్లిపాలు ఆపమన్నాడు. తల్లి పగలంతా ఆపి, రాత్రి ఏడుపు చూడలేక ఇచ్చింది. అన్నం బంద్. ప్యాకెట్ పాలలో సగానికి సగం నీళ్లు కలిపి సీసాతో పట్టారు. "పలచగ చేసి పోసినం మేడం, అరగాలె గదా" అంది తల్లి. రాత్రి మళ్లీ మెడికల్ షాపుకి పోయి "మోషన్స్ ఆగే గోలీ" తెచ్చి సగం నలిపి వేశారు. అది లోపెరమైడ్. వేశాక నాలుగు గంటలు ఏమీ రాలేదు, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. తెల్లారేసరికి పొట్ట ఉబ్బింది, మళ్లీ మొదలైంది.

ఇక్కడ ఎవరిదీ నిర్లక్ష్యం కాదు. ఆటో తోలే తండ్రి రెండు రోజుల సంపాదన వదులుకుని తిరిగాడు. ఖర్చు పెట్టారు, నిద్ర మానుకున్నారు. పిల్లవాడికి కావాల్సిన నీళ్లు, ఉప్పు, తిండి మాత్రం ఏ ఒక్కటీ సరిగ్గా అందలేదు.

పరీక్ష

బరువు 7.8 కిలోలు. తల్లి సంచిలోంచి ఎంసీపీ కార్డు తీసింది, అంటే తల్లీబిడ్డల బరువులు, టీకాలు రాసే కార్డు. అంగన్‌వాడీ టీచర్ రెండు వారాల కిందట రాసిన బరువు 8.4. అంటే 600 గ్రాములు పోయాయి, ఒంటి బరువులో సుమారు ఏడు శాతం. ఇంత దగ్గరి పాత బరువు దొరకడం అదృష్టమే. చాలామందిని అడిగితే కార్డు ఊళ్లో ఉందంటారు.

బాబు చిరాకుగా ఏడుస్తున్నాడు, కన్నీళ్లు మాత్రం అంతంతే. కళ్లు లోపలికి పోయాయి. కొంతమంది పిల్లలకు కళ్లు సహజంగానే లోతుగా ఉంటాయి కాబట్టి తల్లిని అడిగి నిర్ధారించుకున్నాను. మాడు కొంచెం దిగింది. నోరు ఎండింది. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంది, రెండు సెకన్ల లోపే. చెంచాతో నీళ్లు పెడితే ఆత్రంగా అందుకుని చెంచాను వదల్లేదు. చేతులు, కాళ్లు వెచ్చగా ఉన్నాయి. నాడి వేగంగా ఉంది కానీ బలంగానే తగిలింది. మూత్రం తెల్లవారుజామున ఒక్కసారి, ముదురు పసుపులో.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో డీహైడ్రేషన్‌కి మూడు మెట్లు: లేదు, కొంత ఉంది, తీవ్రంగా ఉంది. చిరాకు, లోపలికి పోయిన కళ్లు, ఆత్రంగా తాగడం, చర్మం మెల్లగా సర్దుకోవడం అనే నాలుగింటిలో రెండు కనిపిస్తే రెండో మెట్టు. ఈ బాబుకి నాలుగూ ఉన్నాయి. మూడో మెట్టులో బిడ్డ చిరాకు కూడా పడడు. మగతగా ఉంటాడు, తాగలేడు, చర్మం రెండు సెకన్లు దాటినా మడతగానే ఉంటుంది. ఏడ్చే పిల్లాణ్ని చూసి తల్లిదండ్రులు భయపడతారు. మేం భయపడేది ఏడుపు ఆపేసిన పిల్లాణ్ని చూసి.

నాకు ఎక్కువ సమయం పట్టింది పొట్ట దగ్గర. లోపెరమైడ్ పేగు కదలికను ఆపుతుంది. పేగులోకి నీరు ఊరడం ఆగదు కాబట్టి, బయటికి రావాల్సింది లోపలే నిలుస్తుంది. చిన్నపిల్లల్లో పేగు పూర్తిగా స్తంభించిపోవచ్చు, మందు మెదడు మీద పనిచేసి మగత కూడా రావచ్చు. దీనికి తోడు విరేచనాల్లో పొటాషియం బాగా పోతుంది. పొటాషియం తగ్గితే కూడా పేగు కదలదు. ఉబ్బిన పొట్టను చూసిన ఏ డాక్టరైనా ఇక్కడ ఆగి ఆలోచించాలి. కదలని పేగులోకి నోటి ద్వారా ద్రవం పంపితే వాంతులే. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాను. పేగుల శబ్దాలు బాగానే వినిపించాయి. పొట్ట మెత్తగా ఉంది, ఎక్కడా గట్టి గడ్డ తగల్లేదు. వాంతిలో ఆకుపచ్చ పసరు లేదు. ఏడుపు కూడా ఆగి ఆగి, మెలికలు తిరుగుతూ వచ్చే రకం కాదు. అలా ఉండి, మలంలో ఎర్రటి జెల్లీలాంటిది కనిపిస్తే, పేగులో పేగు దూరిందేమోనని వెంటనే స్కానింగ్‌కి పంపేదాన్ని.

రెండు రోజులుగా సరిగ్గా తినలేదు కాబట్టి వేలి నుంచి చుక్క తీసి షుగర్ చూశాను, 74. సరే. రక్తంలో ఉప్పుల పరీక్ష, మలం పరీక్ష రాయలేదు. రక్తం పడని నీళ్ల విరేచనాలకు మలం పరీక్షతో చికిత్స మారదు. అందులో "పస్ సెల్స్ (చీము కణాలు) 4-6" అని వస్తే చాలు, దాన్ని చూపించి ఇంకో యాంటీబయాటిక్ రాసేవాళ్లు దొరుకుతారు.

నిర్ధారణ: అక్యూట్ వాటరీ డయేరియా (హఠాత్తుగా మొదలైన నీళ్ల విరేచనాలు), రెండో మెట్టు డీహైడ్రేషన్. కారణం చాలావరకు వైరస్.

"ఒక బాటిల్ ఎక్కియ్యండి మేడం"

క్లినిక్‌లోనే కూర్చోబెట్టి నాలుగు గంటలు ఓఆర్ఎస్ తాగిద్దామని చెప్పాను. నానమ్మకు నచ్చలేదు. "పోరడు గిట్ల సోలిపోయిండు. ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కియ్యండి మేడం. చెంచా నీళ్లతోని ఏమైతది?"

ఆమె అనుమానం అన్యాయమేం కాదు. సెలైన్ ఎక్కిస్తే వైద్యం జరుగుతున్నట్టు కంటికి కనిపిస్తుంది. చెంచాతో నీళ్లు పోయడానికి ఆస్పత్రికి రావడమెందుకు అనిపిస్తుంది. పైగా సెలైన్ పెడితే క్లినిక్‌కి బిల్లు వస్తుంది, ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్ ఇరవై రూపాయల చిల్లర. మా వృత్తిలో ఈ లెక్క కూడా నిర్ణయాల మీద పనిచేస్తుందని దాచిపెట్టడం ఎందుకు?

రెండో మెట్టులో తాగగలిగే బిడ్డకు, నోటి ద్వారా ఇచ్చే ద్రవం నరానికి ఇచ్చే ద్రవంతో సమానంగా పనిచేస్తుంది. నీరు తగ్గిన పసిపిల్లలకు నరం దొరకదు. రెండు మూడుసార్లు గుచ్చాలి, గుచ్చినచోట వాపు, ఇన్ఫెక్షన్, అతిగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు. మగతగా ఉన్నా, అసలు తాగలేకపోయినా, తాగిందంతా వాంతి అవుతున్నా, పేగు కదలకపోయినా అప్పుడు సెలైన్ ప్రాణం నిలబెడుతుంది. ఏడాదిలోపు బిడ్డకు కిలోకు 30 ఎంఎల్ చొప్పున రింగర్ లాక్టేట్ అనే సెలైన్ మొదటి గంటలో, 70 చొప్పున తర్వాతి ఐదు గంటల్లో వెళ్తుంది. అలాంటి బిడ్డను నేను క్లినిక్‌లో ఉంచుకోను, నిలోఫర్ పిల్లల ఆస్పత్రికి పంపుతాను. దారి పొడవునా, మింగగలిగితే చెంచాతో ఓఆర్ఎస్ పోయమని చెప్పి మరీ.

నానమ్మతో ఒప్పందం ఇలా కుదిరింది: మధ్యాహ్నం రెండున్నరకి మళ్లీ బరువు చూస్తాను, పెరగకపోతే ఆమె చెప్పిందే చేస్తాను.

నాలుగు గంటలు

లెక్క కిలోకు 75 ఎంఎల్. ఈ బాబుకి 585, సుమారుగా 600 ఎంఎల్. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. నిమిషానికి రెండున్నర ఎంఎల్, అంటే రెండు నిమిషాలకో ఐదు ఎంఎల్ చెంచా. తల్లికి ఈ ఆఖరి వాక్యం చాలు. లీటరు ప్యాకెట్ మొత్తాన్ని లీటరు నీళ్లలో ఆమె చేతే కలిపించాం. మా అటెండర్ అమ్మాయి ఒక కాగితం మీద గీతలు గీసి ఇచ్చింది. ప్రతి పది చెంచాలకు ఒక టిక్కు.

పదిన్నరకు మొదలైంది. పదకొండుంపావుకి పెద్ద వాంతి. తల్లి ముఖం పాలిపోయింది. విషయమేమిటంటే, ఆమె చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు, దాహంతో గింజుకుంటున్న మనవణ్ని చూడలేక నానమ్మ గ్లాసు నోటికి పెట్టేసింది. అతను గటగటా తాగేశాడు. నీళ్లు తగ్గిన బిడ్డ దొరికితే అలాగే తాగుతాడు. ఖాళీ పొట్ట ఒక్కసారి సాగితే వాంతి అవుతుంది. ఇంట్లో "ఓఆర్ఎస్ పడట్లేదు, తాగగానే కక్కుతున్నాడు" అనే మాట వెనక ఎక్కువసార్లు ఉండేది ఈ గ్లాసే.

పది నిమిషాలు ఆపి, మళ్లీ మొదలుపెట్టించాం. ఈసారి మూడు నిమిషాలకో చెంచా. అరగంట నిలిచాక పాత వేగం. ఆన్‌డాన్‌సెట్రాన్ ఒక్క డోసు ఇవ్వొచ్చు, వాంతులు ఆగక ఓఆర్ఎస్ లోపలికి పోనప్పుడు అది పనికొస్తుంది. ఇక్కడ వాంతికి కారణం కళ్లెదురుగా ఉంది కాబట్టి ఇవ్వలేదు. మధ్యలో అడిగినప్పుడల్లా తల్లిపాలు. పాలు ఆపమన్న సలహా వల్ల ఆమెకు రొమ్ములు గడ్డకట్టి నొప్పిగా ఉన్నాయి. ఆమె ఆ మాట నేను అడిగితే గానీ చెప్పలేదు.

పన్నెండున్నరకు చూస్తే చిరాకు తగ్గింది, చెంచా కోసం ఆత్రం కూడా తగ్గింది. ఒంటిగంట దాటాక మూత్రం పోశాడు, అటెండర్ ఒళ్లోనే. ఇంత సంతోషంగా చీర తడుపుకున్న మనిషిని నేను చూడలేదు. రెండున్నరకు లోపలికి వెళ్లింది సుమారు 550 ఎంఎల్, మోషన్స్ మూడు, బరువు 8.15. చర్మం వెంటనే సర్దుకుంటోంది. నానమ్మ తూకం దగ్గర వంగి అంకెలు రెండుసార్లు చదివించుకుంది. ఇంటి నుంచి బంధువులు మెత్తటి అన్నం, పెరుగు డబ్బాలో తెచ్చారు. అక్కడే నాలుగు ముద్దలు తిన్నాడు.

డబ్బా మీద ఉన్న మూడు అక్షరాలు

ఇప్పుడు ఆ టెట్రా ప్యాక్ సంగతి. విరేచనాల్లో పేగు గోడ నీటిని పీల్చుకోవడం తగ్గిపోతుంది, బయటికి ఊరడం పెరుగుతుంది. కానీ సోడియాన్ని, గ్లూకోజ్‌ని జంటగా లోపలికి లాక్కునే ఒక దారి మాత్రం చాలావరకు చెడదు. ఆ రెండూ వెళ్తే వాటి వెంట నీరు వెళ్తుంది. ఓఆర్ఎస్ అంతా ఈ దారి కోసం కొలిచి చేసిందే. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెబుతున్న ఫార్ములాలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. బరువులో కాకుండా కణాల లెక్కలో చూస్తే గ్లూకోజ్, సోడియం రెండూ లీటరుకు 75 మిల్లీమోల్స్ చొప్పున సమానం.

తీపి డ్రింకుల్లో ఈ లెక్క తలకిందులు. కూల్ డ్రింక్స్‌లో లీటరుకు చక్కెర వంద గ్రాముల దాకా ఉంటుంది, ఉప్పు నామమాత్రం. పేగు పీల్చుకోలేకపోయిన చక్కెర అక్కడే ఉండి, ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది. సోమవారం రాత్రి లెక్క తప్పిన మోషన్స్‌లో ఆ రెండు ప్యాక్‌ల వాటా ఉందనే నా అభిప్రాయం. తండ్రి ఖాళీ ప్యాక్ తెచ్చి చూపించాడు. వెనకవైపు చక్కెర అంకె చదివి వినిపించాక ఆయన అన్న మాట రాయను. న్యాయమైన మాటే.

హైదరాబాద్‌కే చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఈ లేబుళ్ల మీద ఏళ్ల తరబడి పోరాడారు. మా కేసు జరిగిన కొన్ని నెలలకే, 2025 అక్టోబరులో, ఆహార పదార్థాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. అయినా షాపులో అడిగేటప్పుడు "పొడి ప్యాకెట్, డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్నది" అని అడగమనే ఇప్పటికీ చెబుతున్నాను. రెడీగా దొరికేవాటిలోనూ అసలు ఫార్ములా ఉన్నవి ఉన్నాయి. ముందు వైపు బొమ్మ కాదు, వెనక వైపు అంకెలు చూడాలి.

అసలు ప్యాకెట్‌తోనూ ఒక చిక్కుంది. పెద్ద ప్యాకెట్ లీటరుకు, చిన్నది 200 ఎంఎల్‌కి. పెద్ద ప్యాకెట్ విప్పి "కొంచెం కొంచెం" గ్లాసులో కలిపే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ "కొంచెం" ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ దాకా పోవచ్చు. అలాగని చిన్న ప్యాకెట్ తెచ్చి ఇంట్లో గ్లాసుకి కలిపినా లెక్క తప్పొచ్చు. ఈ కుటుంబం రెండోసారి వచ్చినప్పుడు వాళ్ల స్టీలు గ్లాసు తెప్పించి సిరంజితో కొలిస్తే 270 పట్టింది. అందుకని ఖాళీ లీటరు వాటర్ బాటిల్‌ని కొలతగా పెట్టుకోమన్నాం. మరగబెట్టి చల్లార్చిన నీళ్లు, ప్యాకెట్ మొత్తం ఒకేసారి, మూత పెట్టి, 24 గంటలు దాటితే పారబోత. చక్కెర కలపకూడదు, రుచి కోసం జ్యూస్ కలపకూడదు, కలిపాక మళ్లీ మరగబెట్టకూడదు.

చెంచాకి ఇంత బలమెక్కడిదని అడిగిన నానమ్మకు 1971 కథ చెప్పాను. బంగ్లాదేశ్ యుద్ధంలో శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శిబిరంలో కలరాతో రాలిపోతుంటే, సెలైన్ సీసాలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టించి, బంధువుల చేతే తాగించారు. మూడో వంతుకు దగ్గరగా ఉన్న మరణాలు వందకు నాలుగు లోపుకి దిగాయి. ఆయన 2022లో పోయాక పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆమె విని "గట్లనా" అంది. నమ్మిందో లేదో తెలియదు, చెంచా మాత్రం కోడలి చేతిలోంచి తీసుకుంది.

మందులు: తీసేసినవి ఎక్కువ

యాంటీబయాటిక్ సిరప్ ఆపించాను. మలంలో రక్తం పడితే, కలరా అనుమానం ఉంటే, బిడ్డకు వేరే ఇన్ఫెక్షన్ ఉంటే దాని అవసరం వేరు. వైరస్ విరేచనాలకు అది చేసేదేమీ లేదు, కొన్నిసార్లు మోషన్స్‌ని తనే పెంచుతుంది. లోపెరమైడ్ మిగిలిన సగం గోలీ అక్కడే చెత్తబుట్టలో వేయించాను.

రాసిన ఒకే ఒక్క మందు జింక్. రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. ఆరు నెలల లోపువాళ్లకైతే 10. చెంచాడు తల్లిపాలలో గాని నీళ్లలో గాని కరిగించి వేయాలి. ఇప్పటి విరేచనాల తీవ్రతను, రోజులను తగ్గిస్తుంది, రాబోయే రెండు మూడు నెలల్లో మళ్లీ వచ్చే అవకాశాన్నీ తగ్గిస్తుంది. మోషన్స్ ఆగగానే ఇళ్లల్లో పొరపాటున మానేసే మందు కూడా ఇదే. బస్తీ దవాఖానాలో ఓఆర్ఎస్, జింక్ రెండూ ఉచితం, ఆశా కార్యకర్తను అడిగినా ఇస్తుంది.

ఇంటికి పంపేటప్పుడు చెప్పినవి: పలచటి మోషన్ అయిన ప్రతిసారీ 50 నుంచి 100 ఎంఎల్ ఓఆర్ఎస్, రెండేళ్లు దాటినవాళ్లకైతే 100 నుంచి 200. తల్లిపాలు ఎప్పటికంటే ఎక్కువసార్లు. మెత్తటి అన్నం, పప్పు, పెరుగు, అరటిపండు, కిచిడీలో ఒక చెంచా నెయ్యి లేదా నూనె. గంజి, ఉప్పు వేసిన పలచటి మజ్జిగ మంచివే, కానీ ఓఆర్ఎస్‌కి బదులు కాదు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం జావ ఆపక్కర్లేదు. పేగు పూత మళ్లీ కట్టుకోవాలంటే తిండి కావాలి. పస్తు పెడితే మోషన్ తక్కువ కనిపిస్తుంది, బిడ్డ బరువు దిగుతుంది.

మోషన్స్ రేపే ఆగవని కూడా చెప్పాను. ఐదారు రోజులు సాగడం మామూలే. ఈ ఒక్క మాట ముందు చెప్పకపోతే మర్నాటికి ఇంకో డాక్టర్, ఇంకో సిరప్. తిరిగి రావాల్సింది మోషన్స్ లెక్క చూసి కాదు: మగతగా ఉన్నా, తాగడం మానేసినా, ఆరు గంటలు మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనిపించినా, వాంతి ఆకుపచ్చగా అయినా, జ్వరం ఎక్కువైనా రాత్రయినా సరే వెంటనే.

సీసా, నీళ్లు, చుక్కలు

శనివారం రెండో రాక. రోజుకు నాలుగైదు మోషన్స్, ఆడుకుంటున్నాడు, బరువు 8.3. కొత్తగా మోషన్ నురగగా, పుల్లటి వాసనతో వస్తోంది, పిరుదులు ఎర్రగా కమిలాయి. పేగు పూత దెబ్బతిన్నాక పాలలోని లాక్టోజ్ కొన్నాళ్లు సరిగ్గా అరగదు, దాని గుర్తులివి. దీనికి తల్లిపాలు ఆపకూడదు. ప్యాకెట్ పాలు కొద్దిరోజులు ఆపి పెరుగు ఇమ్మన్నాను, కమిలినచోట జింక్ ఆక్సైడ్ క్రీము. అంతే.

ఆ రోజు పాలసీసా తెప్పించి చూశాను. నిపుల్ లోపలి అంచులో తెల్లటి జిడ్డు పొర, గోరుతో గీరితే వచ్చింది. తాగడానికి ఇంట్లో ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు వాడతారు, "ఫిల్టర్ నీళ్లే మేడం". సీసా కడిగేది మాత్రం నల్లా నీళ్లతో. రోజు మార్చి రోజు వచ్చే నీళ్లు డ్రమ్ములో పట్టుకుంటారు, మగ్గు ముంచి తీస్తారు. ఆ వారం నల్లాలో మొదట వచ్చే నీళ్లు మురికిగా, వాసనగా ఉన్నాయట. పక్కింట్లో ఇద్దరు పిల్లలకూ మోషన్స్. కారణం సీసాయా, నీళ్లా, పాకుతూ నోట్లో పెట్టుకున్న బొమ్మా అనేది తేల్చలేం. తేల్చకపోయినా చేయాల్సింది ఒకటే: సీసా వదిలేసి గిన్నె, చెంచా. తాగే నీళ్లతో పాటు కడిగే నీళ్లు కూడా మరగాలి. డ్రమ్ముకి మూత, పొడుగు కాడ గరిట. పిల్లవాడి పిరుదులు కడిగాక సబ్బుతో చేతులు. క్యాన్ నీళ్ల మీద మన ఊళ్లో ఉన్న నమ్మకం నాకు లేదు. ప్లాంట్‌లో ఎంత శుభ్రంగా ఉన్నా, ఆ క్యాన్ ఎన్ని చేతులు మారి వస్తుందో చూస్తున్నదే.

తల్లి ఇంకో ప్రశ్న అడిగింది. "రోటా చుక్కలు మూడుసార్లు వేయించినం. మరి ఎందుకు వచ్చింది?" కార్డులో ఆరు, పది, పద్నాలుగు వారాల డోసులు మూడూ ఉన్నాయి. మన దేశపు రోటావాక్ తయారయ్యేది ఈ నగరంలోనే, భారత్ బయోటెక్‌లో. ఆ టీకా తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను సగానికి పైగా తగ్గిస్తుంది, పూర్తిగా కాదు. రోటా కాక విరేచనాలు తెచ్చే వైరస్‌లు, బ్యాక్టీరియాలు ఇంకా చాలా ఉన్నాయి. మూడు చుక్కలూ పడిన పిల్లవాడు కాబట్టే ఇది రెండో మెట్టులో ఆగిందని అనలేను. వేయించడం వృథా అయిందని మాత్రం ఎవరూ అనకూడదు.

మూడో రాక

జింక్ కోర్సు ముగిసేనాటికి రమ్మన్నాను. బరువు 8.55. మోషన్ మామూలైంది, పిరుదుల ఎరుపు పోయింది. జింక్ స్ట్రిప్‌లో రెండు మాత్రలు మిగిలాయి. "తగ్గింది గదా అని రెండు దినాలు మరిచిన" అంది తల్లి. అవీ వేసి ముగించమన్నాను. ప్యాకెట్ పాలు కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టొచ్చు, ఈసారి నీళ్లు కలపకుండా, గిన్నెతో.

కార్డు తిరగేస్తుంటే తొమ్మిది నెలల గడి ఖాళీగా కనిపించింది. ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా పడలేదు, దానితో ఇచ్చే విటమిన్ ఏ మొదటి డోసు కూడా లేదు. ఆ నెలలో జలుబు ఉందని వాయిదా వేశారట, తర్వాత మర్చిపోయారు. మామూలు జలుబుకి, తగ్గుతున్న మోషన్స్‌కి టీకా ఆపక్కర్లేదు. దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చీటీ రాసిచ్చాను. రెండు రోజుల తర్వాత తండ్రి ఆ గడి నిండిన కార్డు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు.